ఆగిన మీటరు

ఇబ్రీ సనాయల, డక్టింగ్ షాపు ఎనుక,
తుక్కు రేకులకూ నీళ్ల డ్రమ్ముకూ నడుమ
నా బండి ఉంటది.
ఆరువందల యాభై సీసీ. ఒకటే సిలిండరు.
కొన్ననాడు దాని రంగేందో చెప్పరాకుండె.

అమ్మినాయన రోడెల్, ఫిలిప్పీన్స్ డ్రాఫ్ట్స్‌మన్.
కంపెనీ మూతపడ్డ వారం
రెండు సూట్‌కేసులు, ఒక రైస్‌కుక్కరు కట్టుకొని
తాళంచెవి నా చేతుల పెట్టుకుంట ఒకటే మాట చెప్పిండు:
"ఫిల్టరు. ఫిల్టరు. ఫిల్టరు."
నూట ఎనభై రియాళ్లు, నాలుగు కిస్తులు.
మీటరు నలభై ఒక్కవేల మూడువందల ఎనిమిది కాడ
ఎప్పుడో ఆగిపోయింది.

పై మంచం మీదికెల్లి ఓదేలు తల వంచి అడిగిండు:
"గా పైసలకు ఊర్ల గుంటెడు జాగ రాకపోవునా?"
రాకపోవు.
అయినా నేను జవాబు చెప్పలే.

ఇసుక మెత్తగుంటదని చూసినోళ్లంటరు.
అది పిండి లెక్క వస్తది, ఆకురాయి లెక్క తింటది.
అందుకే గురువారం రాత్రి, అందరు ఫోన్లల్ల ఉన్నప్పుడు,
స్పాంజిని కిరోసిన్ల పిసికి, సబ్బునీళ్లల్ల పిండి,
నీడకు ఆరేసి, మళ్ల నూనె పట్టిస్త
చంటిపిల్ల మాడుకు ఆముదం అద్దినట్టు.
ఎక్కువైతే బండికి ఊపిరాడది,
తక్కువైతే ఇసుక లోపలికి పోతది.

ఇంజను కడుపు కింద కట్టిన ప్లేటు కొన్నది కాదు.
మసీదు మిద్దె మీద ఏసీలకు స్టాండు కొట్టంగ మిగిలింది.
వంచిన, బెజ్జాలు కొట్టిన, నాలుగు బోల్టులు బిగించిన.
ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను తగ్గించిన:
ఉరుకుడు తగ్గింది, ఎక్కుడు పెరిగింది.
నా వయసుకు అదే నయం.

వాల్వు సందు చూసుడు దాద్ రహీం నేర్పిండు,
పక్క షెడ్డుల లేతు మిషన్ నడిపే బలూచీ.
ఫీలర్ గేజి రేకు సందుల దూరాలె,
కని ఊరికెనే దూరొద్దు.
ఎంత బిగువో చెప్పరాక
నా అంగీ అంచును రెండేళ్ల నడుమ పట్టి
మెల్లగ గుంజి చూపెట్టిండు.
గింత.

శుక్రవారం. తనామ్ దాటినంక తారు అయిపోతది.
టైర్ల గాలి పద్నాలుగుకు దించుత.
గాలి నిండుగుంటే టైరు ఇసుకను లెక్కచెయ్యది,
మా ఫోర్‌మన్ లెక్క,
రెండు గజాలకే కూరుకుపోతది.

గా దినం నేనే కూరుకుపోయిన.
ముందు చక్రం మునిగింది, బండి పక్కకు పడ్డది,
కాలు గుంజుకొని లేచేసరికి
కార్బరేటర్ గొట్టంల నుంచి పెట్రోలు
చప్పుడు చెయ్యకుండ ఇసుకలకు పోతుంది.
లేపి ట్యాంకు ఊపి చూసిన. చెంబెడు కూడ లేదు.
తారు ఎంత దూరమో ఎవల్ని అడగాలె?
మీటరును అడిగిన.
నలభై ఒక్కవేల మూడువందల ఎనిమిది.

బండి నీడ జానెడు. తలకాయ వరకే సరిపోయింది.

అసర్ యాళ్లకు ఒక పికప్ వచ్చింది,
ఎనుక గడ్డి మోపులు, మోపుల మీద ఒక ఒంటెపిల్ల.
దిగింది ఇద్రీస్ అనే సూడాన్ కాపరి.
గొట్టం తన నోటితోటే పీల్చి, పెట్రోలు ఉమ్మేసి,
నా ట్యాంకుల సగం నింపిండు.
రియాలు తీస్తే ఖల్లీవల్లీ అన్నడు.
నీళ్లు తాగుకుంట చేతితోటి అడిగిండు:
ఎంత దూరంకెల్లి వస్తున్నవు?
నాకు అరబ్బీ లెక్కలు సరిగ్గ రావు.
వేలు మీటరు మీద పెట్టిన.

ఆయన వంగి, అద్దం మీది దుమ్ము తుడిచి,
ఒక్కొక్క అంకె చదివి
నన్ను చూసిండు, నా చెప్పులు చూసిండు.
"మాషా అల్లా" అన్నడు, మెల్లగ.
నేను కాదనలే.

గురువారం దాద్ రహీం మీటరుకు కొత్త కేబుల్ ఏసిండు.
సనాయ చుట్టు ఒక్క మలుపు తిరిగేసరికి
ఎనిమిది పోయి తొమ్మిది సగం కనపడ్డది.
బండి ఆపి చూసుకుంట కూసున్న.
చైను ఇంక వదులే ఉంది.