నాలుగో వాయిదా

మూడో అంతస్తు, లిఫ్టు పక్కనే నా బల్ల.
లిఫ్టొచ్చి ఆగితే నా గ్లాసులో టీ వణుకుతుంది.
వణికిందంటే సలహాదారులొచ్చారని.
మావాళ్ళు మెట్లెక్కే వస్తారు, దాని మీద నమ్మకం లేక.

ఇవాళ బిల్లొచ్చింది.
రెండువేల నలభై ఐదు నాటికి బెంగళూరు
ఎటు పెరగాలో చెప్పినందుకు
నాలుగో వాయిదా.
నాలుగు వందల పన్నెండు పేజీలు, నున్నటి కాగితం,
వేలు నిలవదు.
తడి స్పాంజికి అద్దుకుని తిప్పాను.

మొదటి వాయిదా, ఆలోచించబోతున్నందుకు.
రెండోది, ఆలోచన మొదలైనందుకు.
మూడోది, ఇంకా ఆలోచించాలని తేల్చినందుకు.
అన్నీ నా చేతిమీదుగానే పోయాయి.
మా ఆఫీసులో ప్లానర్ల కుర్చీలు పదకొండు,
తొమ్మిదింటి వీపు మీద తువ్వాలు కూడా లేదు.
ఖాళీలు నింపితే జీతాల ఖర్చు పెరుగుతుందని
పైనుంచి వచ్చిన కాగితం
ఇదే ఫైల్లో, ఇదే దారానికి, పద్నాలుగో పేజీ.

నూట ఎనభై ఏడు దగ్గర ఆగిపోయాను.
పటం. నీలం బాణాలు.
చిక్కనల్లూరు చెరువు నిండితే
నీళ్ళు తూర్పుకి కాదట, ఆగ్నేయానికి మళ్ళుతాయట,
పూడిపోయిన రాజకాలువె జాడ పట్టుకుని
ఇటుక బట్టీల వెనగ్గా, బస్సు డిపో గోడ కిందుగా.

ఈ మాట నాకు తెలుసు.
రాగిసంగటి ముందు కూచుని విన్నాను.

మా చిన్నాయన మునెప్ప వాల్వుమ్యాను,
ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పక్కంతా నీళ్ళు వదిలినోడు.
పోయిన ఆషాఢంలో ఒక కుర్రాడొచ్చాడు,
తిప్పేస్వామి అని, చళ్ళకెరె వాడు,
మెడలో కార్డు, చేతిలో ట్యాబు, పిన్నీసు పెట్టిన చెప్పు.
ఢిల్లీ కంపెనీ ముంబై కంపెనీకిచ్చిందట,
ముంబై వాళ్ళు జయనగర్లో ఒకాయనకి,
ఆయన ఇతనికి, ఫారానికి ఇరవై రెండు రూపాయలు.
‘తాతా, వానొస్తే నీళ్ళెటు పోతాయి?’

చిన్నాయన జవాబు చెప్పలేదు, చెప్పులేసుకున్నాడు.
మధ్యాహ్నమంతా నడిపించాడు.
ఇదిగో మడుగు, ఇదిగో మూసుకుపోయిన మోరీ,
తొంభై ఎనిమిదిలో ఎద్దు కొట్టుకుపోయింది ఇక్కడే.
కర్రతో మట్టిలో గీశాడు.
కుర్రాడు గీతకి ఫోటో తీసుకున్నాడు.
డిపో ముందు రెండు టీలు, రెండు బన్నులు,
నలభై నాలుగు రూపాయలు చిన్నాయనే ఇచ్చాడు.
‘పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదు పాపం వాడు.’

ఆ గీతే ఇది.
కర్ర వణికిన చోట బాణమూ వంకర పోయింది,
సరిచెయ్యను కూడా లేదు.

మేనమామకి తల్లి పుట్టిల్లు చెప్పడమంటే సామెతుంది.
మేనమామనే అడిగి, బైండు చేసి,
మేనమామకే అమ్మితే
ఏమనాలో మన పెద్దలు చెప్పిపోలేదు.

అనుబంధం నాలుగు, వరస ఏడు:
స్థానిక పరిజ్ఞాన సేకరణ,
పద్దెనిమిది లక్షల నలభై వేలు, పన్నులు అదనం.
రెండుసార్లు కూడాను. సరిపోయింది.
తప్పు దొరికితే బావుండునని మూడోసారి.
లేదు. టెండరుంది, మూడు కొటేషన్లున్నాయి,
ఆమోదం ఉంది, ఆమోదానికి ఆమోదం ఉంది.
ఇందులో దొంగెవడూ లేడు, అదే నా ఇబ్బంది.
‘ఈ గీత మా చిన్నాయనది’ అని ఆక్షేపణ రాయాలంటే
ఏ నియమం కింద?

అయినా నిజం ఒప్పుకోవాలి.
ఆయన చెప్పినప్పుడు మేమూ వినలేదు.
మూడు అర్జీలు పెట్టుకున్నాడు,
అవి ఏ బీరువాలో ఉన్నాయో నాకు తెలుసు,
తాళం కూడా నా దగ్గరే.
నున్నటి కాగితం మీదికొచ్చాకే
ఆ నీళ్ళు మా కళ్ళకి పారాయి.

సంతకం పెట్టాను. ఐదూ పది.
పెట్టాక, అంచున పెన్సిలుతో సన్నగా:
టీ రెండు, బన్ను రెండు, నలభై నాలుగు,
చెల్లించవలసి ఉంది.
పొద్దున్నే పైఅధికారి చూస్తాడు, చెరిపెయ్యాలి.
రబ్బరు కోసం సొరుగు లాగాను.

గ్లాసులో టీ వణికింది.