కప్లింగు

పెరంబూరు పేపర్ మిల్స్ రోడ్డులో
జిరాక్సు షాపు పైన నా గది.
కింద మిషను కాగితం మింగినప్పుడల్లా
పైన నా బల్ల కొంచెం వణుకుతుంది.
ఆరున్నరకి సలోమి వస్తుంది,
డయాలిసిస్ వార్డు వాసన ఇంకా వదలని చేతుల్తో
ఫోన్లో స్టాప్‌వాచీ తెరుచుకుంటూ.

రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి.
అదీ పరీక్ష.
వాక్యాలు తనకి వచ్చు.
వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక గుంట,
అందులో పడి "ఆఁ... ఆఁ..." అంటుంది.
మార్కులు పోయేది అక్కడే.

అందుకని బోర్డు మీద రాసిచ్చాను:
హౌఎవర్. మోర్‌ఓవర్. దేర్‌ఫోర్.
ఆన్ ది అదర్ హ్యాండ్.
చూసి నవ్వింది.
"ఇవి కప్లింగులు సార్."
వాళ్ళ నాన్న ఏసోబు కోచ్ ఫ్యాక్టరీలో
పెట్టెకీ పెట్టెకీ లంకె వేసిన మనిషి.

వారం తిరిగేసరికి కప్లింగులే మిగిలాయి, పెట్టెల్లేవు.
"మోర్‌ఓవర్ నాకు ఇడ్లీ ఇష్టం.
హౌఎవర్ దోసె కూడా ఇష్టం. దేర్‌ఫోర్..."
దేర్‌ఫోర్ ఏమిటమ్మా?
"తెలీదు సార్, ఇంకా టైముంది కదా అని."

తప్పు నాదే.
లేచి, మొహం కడిగి, టిఫిను కట్టుకొని,
ఆవడి లోకలెక్కి, సీటు దొరక్క నిలబడి,
మన వాక్యం ఊరంతా తిరిగొస్తుంది.
ఎక్కడా "మరియు" అనదు.
ఒక్కో క్రియా కొక్కెం చాచి పక్కదాన్ని పట్టుకుంటుంది,
ఆఖరి క్రియ వచ్చేదాకా ఎవరూ దిగరు.
ఇంగ్లీషు ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది,
మళ్ళీ ఎవరో జెండా ఊపాలి.
ఈ ముక్క తనకి ముందే చెప్పి ఉండాల్సింది.

నిన్న కార్డులో వచ్చిన ప్రశ్న:
మీకు సాయపడిన ఒక మనిషి గురించి చెప్పండి.
నాన్నతో మొదలుపెట్టింది. సాఫీగా నడిచింది.
ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే షెడ్డు, రాత్రి డ్యూటీ,
పొద్దున్నే వచ్చి కుడిచేత్తో నా జడ పట్టుకొని
పళ్ళతో రిబ్బను లాగి ముడేసేవాడు.
"ఆన్ ది అదర్ హ్యాండ్," అంది.
ఆగింది.

ఐదు సెకన్లు.
తొమ్మిది.
కింద మిషను మింగుతూనే ఉంది.
"ఆ చేతికి రెండు వేళ్ళు లేవు సార్.
బఫర్ల మధ్య పోయాయి."

తెలుగులో అంది. పరీక్షలో అయితే సున్నా.
ఆ మాటకి ముందు ఏది తగిలించాలో
నా బోర్డు మీద వెతికాను.
లేదు.

గొంతు సవరించుకొని తనే అందుకుంది:
"సో... హీ యూజ్డ్ హిజ్ టీత్."

సో. ఒక్క అక్షరం.
నేను ఎవరికీ నేర్పని మాట,
అందరికీ వచ్చని వదిలేసింది.

లేచి బోర్డు మీద మోర్‌ఓవర్ తుడిచేస్తున్నాను,
వెనక నుంచి సలోమి:
"ఇంకా ఇరవై సెకన్లున్నాయి సార్,
ఆపెయ్యనా, చెప్పనా?"