పాటు వేళ

"సర్దండి" అన్నాడు నాన్న. అంతే.
ఎక్కడికని అమ్మ అడగలేదు.
అడిగిన ఏడాది పులుసు మరక
పాతింటి గోడ మీద ఉండిపోయింది.

కోళ్ళగంప ఎక్కడ పెట్టాలో
చెల్లి ఎవరి పక్కన కూర్చోవాలో
ఏడుపు ఎప్పుడాపాలో ఆయనే చెప్పాడు.
నా లెక్కల పుస్తకాలు పొయ్యిలోకెళ్ళాయి.
"రొయ్యల చెరువు కాడ మేత చల్లేవాడికి ఎందుకురా ఇవి?"

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం.
నడి గోదాట్లో ఇసుక మేటకి తగిలి
ఆగిపోయింది.
నాన్న అరిచాడు.
మేట మీద కొంగ కూడా కదల్లేదు.
సరంగు పోలయ్య బీడీ ముట్టించి
"పోటు రావాలండి, అందాకా ఇంతే" అన్నాడు.

నాన్నని ఆగమన్న మనిషిని
అప్పుడే చూశాను.

అమ్మ కేరేజీ విప్పింది.
చద్దన్నం, మాగాయ టెంక.
మొదటి ముద్ద చెల్లికి. రెండోది నాకు.
మూడోది తనే తినేసింది.
నాన్న కంచం ఇంకా మూటలోనే ఉంది.
ఆయన మూటకేసి చూశాడు,
అమ్మ నీళ్ళకేసి.

ఎప్పటికో అడుగున ఇసుక కరకరమంది.
పంటు ఊగింది.
"లేవండి లేవండి!" నాన్న గొంతు తిరిగొచ్చింది.

"చెయ్యి కడుక్కోనివ్వండి" అంది అమ్మ,
గోదాట్లోకి వంగి,
తీరిగ్గా,
ఒక్కొక్క వేలూ.