మూరెడు వలస

ముక్కూమొకం తెలీని డాక్టరు
నాకు ముక్కు సేసినాడు.

పాత పొటో ఏదైనా ఉందేటమ్మా అనడిగినాడు.
ఉపాధి పనికార్డు తీసినాను.
బొటనేలంత బొమ్మ,
దానిమీద పంచాయతీ ముద్ర,
ముద్ర సిరా సరిగ్గా ముక్కుమీదే పడ్డాది.
ఆయన కిటికీకాడ ఎత్తి పట్టుకుని
సానాసేపు సూసి
నవ్వీసినాడు.
నానూ నవ్వబోయి
కట్టు లాగితే ఊరుకున్నాను.

ఎలుగు మీద కోపం నేదని అనను. ఉంది.
కానీ అదీ తెల్లారగట్ల
పండిన పనస వాసనట్టుకుని
ముక్కుతోనే దారి ఎతుక్కుంటూ వొచ్చినాది.
నాను జీడిపిక్కల కోసం వొంగున్నాను,
గోతాం సగమైనా నిండనేదు.
ఎనకాల దాని పిల్ల ఉందట, మా మరిది సూసినాడు.
నాకు గ్యాపకం ఉన్నది
తడిసిన కంబళి కంపు ఒకటే.
ఆ పాత ముక్కు పీల్చిన
ఆకరి వాసన అదే.

ఊరందరూ ముక్కున ఏలేసుకున్నారు.
నాకూ ఏలుంది.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
భానోజీ డాక్టరు కాగితం మీద గీసి సెప్పినాడు:
పక్కటెముక సివర మెత్తగా ఉంటాదట,
మీ ఉద్దానం కొబ్బరి
కోరుకి ముదరకముందు ఎలాగుంటాదో అలాగ.
అక్కడ్నించి ముక్క తీసి
ఎన్నుదూలంలాగ నిలబెడతాడట,
సెవిలోది సన్నగా కోసి
రెండేపులా సూరు దింపుతాడట,
నుదుటి తోలు మడిసి
పైన కప్పుతాడట.
తుపానుకి ఎగిరిపోయిన ఇల్లు
మూడుసార్లు కట్టుకున్నదాన్ని,
నాకు అర్తమైపోనాది.
ఒకటే అడిగినాను:
ఈ దూలం గాలికి ఆగుతాదా బాబూ?

మాకాడ వలస కొత్తేటి కాదు.
సముద్రంమీద పడవల్లోకి మా అన్న,
ఇటిక బట్టీలకి పక్కింటోళ్ళు,
రేత్రి రైలుకి ఇంటికొకడు.
ఇప్పుడు నా గుండికి కాపలాకాసే ఎముక
మూరెడు దూరం
మొకంలోకి పనికెళ్ళినాది.
ఎళ్ళినోడి సోటు కాళీగానే ఉంటాది కదా.
సలికాలం పొద్దున్న నీళ్ళు తోడితే
ఆ కాళీ కలుక్కుమంటాది.

కొలతకి మనిషి కావాలన్నాడు,
పోలిక ఉన్నోళ్ళు ఎవరైనా.
మా సెల్లి డిల్లెమ్మ
నాతో మాటాడి నాలుగేళ్ళు.
తోట గట్టుమీద ఒక జీడిసెట్టు,
మొదలు నా ఏపు, కొమ్మలు దానేపు.
ఎవులు కబురెట్టినారో నాను అడగనేదు.
బస్సు దిగి వొచ్చి
సంచీ వొళ్ళో ఎట్టుకుని
స్టూలుమీద కూకున్నాది.
డాక్టరు స్కేలు దాని ముక్కుకి ఆనించి
అంకెలు సెప్తే
నర్సమ్మ రాసుకున్నాది.
అది గోడకేసే సూస్తా
"అప్పకి ఎడమేపు కొంచెం వొంకరుంటాది,
సిన్నప్పుడు అరుగుమీంచి నానే తోసీసినాను,
ఆ వొంకర కూడా రాసుకోండి" అన్నాది.

ఆర్నెల్లలో మూడుసార్లు కోసినారు.
అచ్చం మునపటిది కాదు.
ఒక పుట బిగుతు,
నిద్రట్లో ఈలేస్తాదట.
ముక్కుపుడక కుట్టించుకుంటానంటే
ఇంకో ఏడాది ఆగమన్నాడు.
వొంకర మట్టుకు ఎట్టనేదు, తిన్నగా నిలబెట్టీసినాడు.
డిల్లెమ్మ వొచ్చినప్పుడల్లా
ఎడమేపు సూసి సూపు తిప్పుకుంటాది.

సిత్రం సెప్పనా,
ఈగ ముక్కుమీద వాలితే
బొట్టుకాడ వాలినట్టుంటాది.
నుదురు తోలుకుంటాను,
ఈగ దాని మానాన అది
ముక్కుమీదే కూకుంటాది.
మనవడు పడీ పడీ నవ్వుతాడు.
ఆ తోలుకి ఇంకా
పాత ఊరే గ్యాపకం.

వాసనలు ఒక్కొక్కటే వొచ్చినాయి.
ముందు ఆసుపత్రి మందు, తరవాత కిరసనాయిలు,
మాగమాసంలో జీడిపూత,
సన్నగా, పక్కింట్లో ఎవులో మాటాడినట్టు.

మొన్న తెల్లారగట్ల తలుపు తీసినాను.
ఎక్కడో పనస పండింది.
కడుపునిండా పీల్సినాను,
పక్కటెముక లేసింది,
ముక్కులోదీ లేసినట్టే అనిపించింది.
గోతాం సంకనెట్టుకుని
రెండడుగులేసి
ఆగిపోనాను.

ఇదే వాసన
ఇంకో ముక్కుకీ తగిలుంటాది.