ముద్ర పడలేదు

టవర్ క్లాక్ దగ్గర జిరాక్సు అంగడి పైన
రేకుల గది.
ఆషాఢం గాలికి రేకు లేస్తుందని
ఓబులేసు సారు దాని మీద రెండు తిరగలి రాళ్లు పెట్టించినాడు.
ఆ రాళ్ల కింద మేము
నెలకో ఆదివారం భయపడడానికి కూడుకుంటాం.

ఈ నెల కథ ఆరు పేజీలు.
ఒక ఊరు, పేరు లేదు.
పొద్దున్నే జనం వరసలో నిలబడి
గాజుపలక మీద వేలు పెట్టాల.
పచ్చగా వెలిగితే ఆ రోజుకు ఉన్నట్టు.
వెలగకపోతే లేనట్టు.
లేనోళ్లతో ఎవరూ మాట్లాడకూడదు,
ఇంట్లోవాళ్లు కూడా.
కంచం పెట్టొచ్చు. చూడకూడదు.

షాహీన్ చదివింది.
ఆమెది గవర్నమెంటు బడి గొంతు,
చివరి బెంచీ దాకా పోతుంది.
నాలుగో పేజీలో ఒక తల్లి
కొడుకు చొక్కాకు గుండీ కుడుతుంది.
వాడు ఆ చొక్కా తొడుక్కునే ఉన్నాడు.
ఆమె చొక్కానే చూస్తుంది.
అక్కడ ఆగి షాహీన్ నీళ్లు తాగింది.
ఉగ్గాని చల్లారి గట్టిపడింది.
బజ్జీలు ఎవరూ ముట్టలేదు,
నేనొక్కణ్ణే తిన్నాను, చేతులకు ఏదో ఒక పని కావాల కదా.

తర్వాత వాదన.
"ఆ పలక పెట్టించినోళ్లే దుర్మార్గులు" అన్నాడు మద్దిలేటి.
ఎల్లైసీలో పని, ఏదైనా తొందరగా తేల్చేస్తాడు.
"కాదు, వరసలో నిలబడినోళ్లు" అనింది షాహీన్,
"ఒక్కరన్నా వరస తప్పింటే..."
"ఆ తల్లి" అన్నాడు ఓబులేసు సారు,
అనేసి, కళ్లద్దాలు తుడుచుకోవడంలో పడినాడు.
పలక వెనక కూర్చున్నోని గురించి
ఎవరూ ఏమీ అనలేదు.
ఆరు పేజీల్లో వానికి ఒకటే వాక్యం:
కౌంటరులోని మనిషి తర్వాతివాళ్లను పిలిచాడు.

బతికిపోయినాననుకున్నా.
మెట్లు దిగేలోపల ఆ వాక్యం
చెప్పులో దూరిన పల్లేరుకాయ.

నేను ప్రైవేటు ఉద్యోగమని చెప్పుకుంటా క్లబ్బులో.
అబద్ధమేం కాదు.
రాప్తాడు దారిలో రేషనంగడి, మిషను పట్టుకునేది నేనే.

పోయిన నెల వన్నూరమ్మ వచ్చింది.
నలభై ఏండ్లు విత్తనానికి చెనక్కాయలు ఒలిచిన వేళ్లు,
ఏటి రాళ్ల మాదిరి నున్నగైపోయినాయి.
కుడి బొటనవేలు. లేదు.
ఎడమ. లేదు.
కొంగుతో తుడుచుకుంది, మళ్లీ పెట్టింది.
రెండో రోజు నిమ్మకాయతో రుద్దుకొని వచ్చింది,
ఎవరో చెప్పినారంట.
మూడో రోజు, వెనక జనం గొణుగుతాంటే,
"నేనే కదప్పా,
నన్ను సూస్తానే ఉండావు కదా" అనింది.

చూస్తానే ఉన్నా.
వాళ్ల కొట్టం మా వీధి చివర్నే.
నాకు జ్వరమొస్తే మిరియాల కషాయం
గిన్నెతో తెచ్చిచ్చిన చెయ్యి అది.
మిషను మీద ఎర్రగా ఉన్నదాన్ని
చదివి చెప్పినా:
ముద్ర పడలేదు, రేపు రామ్మా.
చెప్పి
తర్వాతివాళ్లను పిలిచినా.

నాలుగో రోజు ఆమె రాలేదు.
వీధిలో ఎదురైతే నేను
ఆమె చేతిలోని సంచినే చూసినా.

రాత్రి కరెంటు పోయి వచ్చినాక
ఆ ఆరు పేజీలు మళ్లీ తీసినా.
మూడో పేజీ అడుగున, వాని వాక్యం పక్కనే,
నూనె మరక.
బజ్జీ తిన్న చెయ్యి, నాదే.
బల్బుకు ఎదురుగా పట్టుకుంటే
బొటనవేలు గీతలన్నీ ఉన్నాయి,
ఒక్కటీ అరగలేదు.
ఏ మిషను కిందైనా పచ్చగా వెలుగుతాయి.

నూనెకు కాగితం పల్చబడి
వెనక పేజీ కనపడతాంది
ముద్ర లోపల, తిరగబడిన అక్షరాల్లో:
ఒక తల్లి
దారం కొరికి,
ముడి వేస్తాంది.