జీడి గుర్తు

రేణిగుంట దాటినాక రేకుల షెడ్డులో మా ల్యాబు.
డెబ్బై డిగ్రీల నీళ్ళలో ముప్పై ఆరు ముక్కలు,
గాజునారకు రెజిన్ పట్టించి పోతపోసినవి.
రోజూ పదింటికి ఒక్కొక్కటే తీసి
టిష్యూతో అద్ది (రుద్దకూడదు)
తక్కెడలో పెడతాను.
నాలుగో దశాంశం దగ్గర అంకె కాసేపు వణికి నిలుస్తుంది.

పగులు లేదు, బుడగ లేదు, అద్దంలా మెరుపు.
అయినా నిన్నటికంటే బరువు.
నీళ్ళు చుట్టపుచూపుగానే వస్తాయి,
నారకీ రెజిన్‌కీ నడుమ వెంట్రుక పట్టని సందు దొరికితే
చాప పరుచుకుంటాయి.
ఏడో వారం ముక్కను వంచితే
తడిసిన అట్టలా పొరలు విడిపోతాయి.
మార్కర్‌తో వేసిన నంబరు అంతకుముందే చెరిగిపోతుంది.

మూడు రకాలు ఇట్లనే పోయాయి.
"ఇంకేమన్నా చూడు మే" అన్నాడు దొరస్వామి సార్,
కార్తీక వాన రేకుల మీద దరువేస్తుంటే.

మా అవ్వ చెంగమ్మ
చంద్రగిరి కింద స్వర్ణముఖి ఇసకలో చెలమ తోడి
ఊరి గుడ్డలన్నీ ఉతికింది.
నల్లజీడి గింజలో సూది గుచ్చి
పంచె అంచు వెనక చుక్క పెట్టి, పైన సున్నం అద్దేది.
కరణం ఇంటికి మూడు చుక్కలు,
సత్రం దుప్పట్లకు అడ్డగీత,
కంసలోళ్ళకు కొక్కెం.
గుడ్డ చిరిగేది గానీ చుక్క పోయేది కాదు.
"నాకు రాత రాదంటారేంది,
ఊరంతా రాసింది నేనే గదా" అనేది.

ఆ జీడినూనెలో ప్రతి అణువుకూ ఒక తోక,
పదిహేను కార్బన్ల పొడుగు,
నీళ్ళంటే గిట్టని తోక.
దాన్ని రెజిన్ గొలుసులో అల్లడానికి
నాకు పద్నాలుగు నెలలు పట్టింది.
గ్లవ్స్ దాటి మణికట్టు పొక్కింది.
అమ్మ చూసి, "అవ్వకూ అక్కడే ఉండేది మచ్చ" అంది.

నలభై ఒకటో రోజు: సున్నా పాయింట్ ఆరు ఒకటి శాతం.
పాతవన్నీ రెండున్నర దాటినాయి.
సార్ రెండుసార్లు తూయించాడు.
"సున్నా కాదు గదా సార్" అన్నాను.
"సున్నా యాడుంటాది? నీళ్ళకు ఓపిక జాస్తి."

అరవై ఏళ్ళు నీళ్ళలో నానిన చేతులు అవ్వవి.
వేళ్ళ కొసలు తెల్లగా ఉబ్బి, గీతలు అరిగి,
రేషన్ మిషను ఆమె వేలిముద్రను ఒప్పుకోలేదు.
ఆ చేతులు ఎంత తాగాయో
ఎవరూ తూచలేదు.

రేపు కొత్త ముక్కలు నీళ్ళలోకి దిగుతాయి.
మార్కర్ పక్కన పెట్టి
సూది తీసుకున్నాను.
ఒకటో ముక్కకు ఒక చుక్క, రెండోదానికి రెండు,
మూడోదానికి కరణం ఇంటి గుర్తు.
చుక్కల బరువు కూడా
తూచి, లెక్కలో రాసుకున్నాను.