చుక్క

వాల్దివియాలో జూన్ నెలంతా వానే.
నది ఒడ్డున, చేపల బజారు వెనక,
సముద్ర సింహాలు అరుస్తుంటే
ఆస్పత్రి నాలుగో అంతస్తు దాకా వినబడుతుంది.
ఆ రాత్రీ అరిచాయి.

ఎలెయుతేరియో, డెబ్భై మూడేళ్లు,
పడవలు కట్టే వడ్రంగి.
తుంటికి ఆపరేషనైంది, మూత్రపిండాలు అంతంతమాత్రం.
సాయంత్రం నాతో అన్నాడు:
"మేకు దిగే ప్రతిచోటా ముందు పెన్సిలుతో చుక్క పెడతాను డాక్టర్.
ఒక్క చుక్క మరిచినా కొన్నవాడు కనుక్కోలేడు.
నది కనుక్కుంటుంది."
నవ్వుతూనే చీటీ మీద మార్ఫిన్ రాశాను:
ఒకటి, చుక్క, సున్న.

ఆ సున్నతో పనే లేదు.
నిండుగా ఉంటుందని రాశాను.
చుక్క పోయి కాగితం మీది నీలిగీతలో కూర్చుంది,
కార్బన్ కాపీలోకి దిగనే లేదు.

రాత్రి రెండింటికి యాస్నా ఫోన్ చేసింది.
"పెద్దాయన మోతాదు ఇంకోసారి చెబుతారా?"
"రాసింది రాసినట్టు ఇవ్వమ్మా" అన్నాను,
దిండు మీంచి తల ఎత్తకుండా.

తెల్లవారుజామున ఊపిరి నిమిషానికి నాలుగు.
ఆ తర్వాత లెక్కపెట్టడానికి ఏమీ లేదు.

ఇచ్చిందెవరు, అని అడిగింది కమిటీ.
ఇంకేమీ అడగలేదు.
యాస్నా చెయ్యెత్తింది.
ఆమెను దుప్పట్లు ఉతికే గదికి మార్చారు.
నేను గొంతు సవరించుకున్నాను,
పదకొండు రోజులు సవరించుకుంటూనే ఉన్నాను.

పన్నెండో రోజు నేలమాళిగలోకి దిగితే
ఆవిరిలో నిలబడి దుప్పట్లు మడతపెడుతోంది,
పైకి వినబడేలా లెక్కపెడుతూ:
ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు.
తలెత్తలేదు. లెక్క తప్పుతుందని.
అక్కణ్ణుంచే డైరెక్టర్ గదికి వెళ్లి
ఆ ఫోన్ సంగతి చెప్పాను.

ఇప్పుడు మందు కలిపేటప్పుడు యాస్నా ఎర్రకోటు వేసుకుంటుంది,
అది ఒంటిమీద ఉన్నంతసేపు ఎవరూ పలకరించకూడదు, నాతో సహా.
పొటాషియం సీసాలు ఉప్పునీళ్ల పక్కన లేవు,
వేరే బీరువా, వేరే తాళం.
అంకె పక్కన అక్షరాల్లోనూ రాస్తాను.
ఫోన్ మోగితే దీపం వేసి, లేచి కూర్చుని,
ఆమె చదివింది మళ్లీ ఆమెకే చదువుతాను.
విసుగు పనులు. ఎవరూ చప్పట్లు కొట్టరు.
మొన్న మంగళవారం పదిహేను అన్నది యాభైగా వినబడి,
చదివి వినిపించేసరికి దొరికిపోయింది.
ఆ రోగికి ఈ సంగతి తెలియదు,
నిద్రపోతున్నాడు.

సెప్టెంబర్‌లో ఓర్ఫెలీనా వచ్చింది, ఆయన భార్య.
ఆ కాగితం చూస్తానంది.
సంచిలోంచి ఆయన బల్లపరుపు పెన్సిల్ తీసి
"ఎక్కడ?" అంది.
చూపించాను.
మేకు దిగేంత లోతుగా నొక్కి, చుక్క పెట్టింది.
"ఇప్పుడు కనబడుతోందా?"

కనబడుతోంది.
అయినా పెన్సిల్ అడిగి తీసుకుని
సున్నని కొట్టేశాను, చుక్కతో సహా.

మిగిలిన ఒకటిని
ఆమె చాలాసేపు చూసింది.
"ఇంతేనా?" అంది.